సీబీపీ రిపోర్టును ఇంట్లో చదువుకోవడం ఎలా: రక్తం మాటలకు సంధి విడదీద్దాం

రాత్రి తొమ్మిది దాటాక ఫోన్‌కు రిపోర్టు పీడీఎఫ్ వస్తుంది. తెరవగానే రెండు మూడు అంకెలు నల్లగా దిద్దినట్టు కనిపిస్తాయి, పక్కన హెచ్ (ఎక్కువ) అనో ఎల్ (తక్కువ) అనో ఒక అక్షరం, అన్నిటికీ కింద ‘మైక్రోసైటిక్ హైపోక్రోమిక్ ఎనీమియా విత్ థ్రాంబోసైటోసిస్’ అని నోరు తిరగని ముక్క ఒకటి. డాక్టర్ గారు రేపు సాయంత్రం గానీ దొరకరు. ఎవరో ఒకరు ఆ మాటను నెట్‌లో కొడతారు, నెట్‌లో క్యాన్సర్ కనిపిస్తుంది, తెల్లారేసరికి ఇంటిల్లిపాదికీ టెన్షన్.

నేను పదిహేడేళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. రక్తం తీయడం, మెషీన్‌లో పెట్టడం, గాజు పలక మీద పల్చగా పూసి రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూడటం, రోజూ ఇదే పని. డాక్టర్‌ను కాను, కాబట్టి ఇది చదివి ఎవరూ సొంతంగా మందులు మొదలుపెట్టొద్దు, ఆపొద్దు. కానీ కౌంటర్ దగ్గర కాగితం పట్టుకుని నిలబడ్డవాళ్ల ముఖాలు ఇన్నేళ్లుగా చూస్తున్నాను, వాళ్లను సగం భయపెట్టేది అర్థం కాని ఆ మాటే. ఒకసారి ఒక నాన్న నాలుగేళ్ల పాప రిపోర్టు తెచ్చాడు. ‘ల్యూకోసైటోసిస్’ అన్న చోట వేలు పెట్టి, “మేడమ్, మా పాపకు బ్లడ్ క్యాన్సరా?” అని అడిగాడు, ఆ వేలు వణుకుతోంది. పాపకు గొంతు ఇన్ఫెక్షన్. తెల్ల కణాలు పెరిగాయని రాసిన మాట అది, అంతే. ఆయన ల్యుకీమియా అని చదువుకున్నాడు. ఆ రెండు మాటలకీ మధ్య ఉన్న తేడా ఆయనకు ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేవాడు కదా అనిపించింది.

అందుకే ఈ వరస రాస్తున్నాను. మీ రిపోర్టు పక్కన పెట్టుకుని చదవండి. మన దగ్గర సీబీపీ (కంప్లీట్ బ్లడ్ పిక్చర్, రక్తంలోని కణాల లెక్క) అనే పరీక్షనే కొన్ని చోట్ల సీబీసీ అంటారు, రెండూ ఒకటే.

మొదట అంకెల జోలికి వెళ్లకండి, పై గడులు చూడండి

పేరు, వయసు, ఆడా మగా, రక్తం తీసిన తేదీ, టైమ్. వయసు తప్పు పడితే పక్కనున్న నార్మల్ రేంజ్ మొత్తం తప్పుతుంది, చంటిపిల్లల రిపోర్టుకు పెద్దవాళ్ల రేంజ్ అచ్చయి రావడం నేను చాలాసార్లు చూశాను. ఐదేళ్లలోపు పిల్లల్లో తెల్ల కణాల్లోని లింఫోసైట్లు అనే రకం ఎక్కువగా, న్యూట్రోఫిల్స్ అనే రకం తక్కువగా ఉండటం మామూలే, పెద్దవాళ్ల రేంజ్‌తో పోలిస్తే అది హెచ్‌లా కనిపిస్తుంది.

ఇంకొకటి గుర్తుచేసుకోండి, రక్తం ఏ చేతి నుంచి తీశారు? ఆస్పత్రిలో సెలైన్ ఎక్కుతున్న చేతికే పైభాగంలో తీస్తే రక్తం పలచబడి అన్నీ తక్కువగా వస్తాయి. హిమోగ్లోబిన్ నిన్న 11, ఇవాళ 8 అంటే కంగారుపడే ముందు ఇది అడగండి. తీసేటప్పుడే “ఈ చేతికి సెలైన్ ఉందండీ” అని చెప్పడం ఇంకా మంచిది.

హెచ్, ఎల్ అక్షరాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నార్మల్ రేంజ్ అంటే ఆరోగ్యంగా ఉన్న నూరు మందిలో 95 మంది అంకెలు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉన్నాయో ఆ హద్దు. అంటే ఏ జబ్బూ లేని మిగతా ఐదుగురి అంకె కూడా గీత అవతలే పడుతుంది. సీబీపీలో ఇరవై దాకా అంకెలు ఉంటాయి, పూర్తి ఆరోగ్యవంతుడి రిపోర్టులో ఒకటో రెండో నల్లగా ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు. గీతకు ఎంత దూరంలో ఉందనేది చూడాలి. ఎంసీహెచ్ (ఒక్కో ఎర్ర కణంలో సగటున ఉండే హిమోగ్లోబిన్) 26.8 ఉంటే, కింది హద్దు 27 కాబట్టి ఎల్ పడింది అంతే, దానికోసం నిద్ర పాడుచేసుకోకండి.

తర్వాత మాటను విడదీయండి

బడిలో రామాలయం అంటే రామ, ఆలయం అని విడదీసేవాళ్లం కదా, ఇక్కడా అదే పని. ఈ మాటలు చాలావరకు గ్రీకు ముక్కలతో కట్టినవి, ముక్కలు ఓ పన్నెండు తెలిస్తే రిపోర్టులో ముప్పాతిక మాటలు విడిపోతాయి.

మొదట్లో వచ్చే ముక్కలు: హీమో, హిమటో అంటే రక్తం. ఎరిత్రో అంటే ఎరుపు. ల్యూకో అంటే తెలుపు. థ్రాంబో అంటే గడ్డ, అంటే రక్తం గడ్డకట్టే వ్యవహారం. సైట్ లేదా సైటో ఎక్కడ కనిపించినా కణం. కాబట్టి ఎరిత్రోసైట్ ఎర్ర కణం, ల్యూకోసైట్ తెల్ల కణం, థ్రాంబోసైట్ అంటే మనందరికీ తెలిసిన ప్లేట్‌లెట్.

చివర్లో వచ్చే ముక్కలే అసలు సంగతి చెబుతాయి. పీనియా అంటే లేమి, తక్కువ పడటం. సైటోసిస్ అంటే కణాలు పెరగడం. ఈమియా అంటే రక్తానికి సంబంధించిన స్థితి. ఇప్పుడు థ్రాంబోసైటోపీనియా విడదీయండి, థ్రాంబో, సైటో, పీనియా, ప్లేట్‌లెట్లు తగ్గాయని. థ్రాంబోసైటోసిస్ అంటే ప్లేట్‌లెట్లు పెరిగాయని. ల్యూకోపీనియా తెల్ల కణాలు తగ్గాయని, వైరల్ జ్వరాల్లో, డెంగ్యూలో, టైఫాయిడ్‌లో ఇది తరచూ కనిపిస్తుంది. ప్యాన్ అంటే అన్నీ, ప్యాన్‌సైటోపీనియా అంటే మూడు రకాల కణాలూ తగ్గాయని, ఇది కనిపిస్తే మాత్రం తాత్సారం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఎనీమియాను విడదీస్తే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. అన్, ఈమియా. అనారోగ్యంలో, అనర్థంలో మనం సంస్కృతం నుంచి తెచ్చుకుని వాడే ‘అన్’ ఏదో గ్రీకులో ఈ ‘అన్’ అదే, సంస్కృతానికీ గ్రీకుకీ ఒకే మూలం నుంచి వచ్చింది. రక్తం లేకపోవడం అని అర్థం, మన రక్తహీనత అన్న మాట కూడా అచ్చంగా అదే చెబుతోంది.

పాప నాన్న పొరబడ్డ మాట దగ్గరికి వద్దాం. ల్యూకో, సైటోసిస్, తెల్ల కణాల సంఖ్య పెరగడం. ఇన్ఫెక్షన్‌తో పెరుగుతుంది, దెబ్బ తగిలినా, స్టెరాయిడ్ మందులు వాడుతున్నా, గర్భంతో ఉన్నా పెరుగుతుంది. ల్యుకీమియా అంటే ల్యూకో, ఈమియా, తెల్ల రక్తం, తెల్ల కణాలు పుట్టే చోటే అదుపు తప్పే జబ్బు. మొదటిది ఒక లెక్క, రెండోది జబ్బు పేరు. సీబీపీలో మామూలుగా కనిపించేది మొదటిదే.

ఫీలియా అంటే ఇష్టం. ఈసినోఫిల్ అంటే ఈసిన్‌ను ఇష్టపడేది. ఈసిన్ ఒక ఎర్ర రంగు, స్లైడ్ మీద వేస్తాం, ఆ కణంలోని గింజలు దాన్ని పీల్చుకుని తెల్లవారుజాము ఆకాశంలా నారింజ ఎరుపులోకి తిరుగుతాయి. గ్రీకులో ఈయోస్ అంటే ఉదయకాంతి, మన ఉషస్సుకు అది తోబుట్టువు లాంటి మాట. 1879లో పాల్ ఎర్లిచ్ ఈ కణానికి ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు రిపోర్టుల్లో ఈసినోఫీలియా అంటే ఆ కణాలు ఎక్కువయ్యాయని, న్యూట్రోఫీలియా అంటే న్యూట్రోఫిల్స్ ఎక్కువయ్యాయని చదువుకోవాలి. హీమోఫీలియా ఒక్కటి ఈ దారిలో రాదు, అది రక్తం సరిగా గడ్డకట్టని పుట్టుకతో వచ్చే జబ్బు.

యూనిట్ చూడకుండా అంకె చదవొద్దు

పోయిన నెల ఒక ల్యాబ్‌లో ప్లేట్‌లెట్లు 1.8 అని ఉంటుంది, ఈ నెల ఇంకో ల్యాబ్‌లో 180, మూడో చోట 1,80,000. మూడూ ఒకటే. మొదటిది లక్షల్లో, రెండోది వేలల్లో, మూడోది పూర్తి అంకె. తెల్ల కణాలు కూడా ఒకచోట 7.2, ఇంకోచోట 7,200. అంకె పక్కన చిన్న అక్షరాల్లో లక్షలు అని ఉందా, 10 పవర్ 3 అని ఉందా, క్యూబిక్ మిల్లీమీటర్‌కు ఇన్ని కణాలు అని ఉందా చూసి, అన్నిటినీ ఒకే లెక్కలోకి మార్చి పెన్నుతో పక్కన రాసుకోండి.

ఎర్ర కణాలు: ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి

ముందు హిమోగ్లోబిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11 (మధ్య మూడు నెలల్లో 10.5) గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత. మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే మీ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లుంటే ఒకరికి ఉండొచ్చు. ‘ఆడవాళ్లకు 9, 10 మామూలేలే’ అనే మాట మానేద్దాం. అది మామూలు కాదు, మనం అలవాటు పడ్డాం.

హిమోగ్లోబిన్ ఎంత తగ్గిందో తెలిశాక, ఎందుకు తగ్గిందో చెప్పే ఆనవాళ్ల కోసం ఎంసీవీ చూడండి. ఒక్కో ఎర్ర కణం సగటున ఎంత పెద్దగా ఉందో చెప్పే అంకె ఇది, 80 నుంచి 100 మధ్య ఉండాలి. 80 కంటే తక్కువైతే కణాలు చిన్నవి, రిపోర్టు భాషలో మైక్రోసైటిక్. 100 దాటితే పెద్దవి, మ్యాక్రోసైటిక్. హైపో అంటే తక్కువ, క్రోమ్ అంటే రంగు, కాబట్టి హైపోక్రోమిక్ అంటే కణంలో ఎరుపు వెలిసిపోయింది.

మైక్రోస్కోప్‌లో నేను చూసేది చెబుతాను. మంచి ఎర్ర కణం గుండ్రంగా ఉండి నడిమధ్య మూడో వంతు మాత్రమే తేలిగ్గా, మిగతా అంతా నిండుగా కనిపిస్తుంది. ఐరన్ లోపం ముదిరిన మనిషి స్లైడ్ పెడితే ఆ తేలిక భాగం పెరిగిపోయి, చుట్టూ సన్నటి అంచు మాత్రం మిగిలి, పలక నిండా చిన్న చిన్న గాజులు పరిచినట్టు ఉంటుంది. ఒక ఇల్లాలు అలసటకు పరీక్ష చేయించుకోవడానికి వచ్చింది, హిమోగ్లోబిన్ 7.2, ఎంసీవీ 60, స్లైడ్ నిండా గాజులే. రిపోర్టు ఇస్తూ, “అమ్మా, పచ్చి బియ్యం గానీ బలపాలు గానీ తింటున్నారా?” అని మెల్లగా అడిగాను. ఆమె పక్కనున్న అత్తగారి వైపు చూసి తల దించుకుంది. బియ్యం డబ్బా దగ్గర నిలబడి గుప్పెడు గుప్పెడు నములుతుందట, కొత్తకోడలిగా వచ్చినప్పటి నుంచీ తిట్లు తింటోంది. ఐరన్ లోపం ఉన్నవాళ్లలో బియ్యం, బలపాలు, మట్టి, ఐస్ ముక్కలు తినాలనిపించడం తెలిసిన లక్షణం, దానికి పైకా అని పేరు కూడా ఉంది. ఐరన్ నిండుతుంటే ఆ కోరిక పోతుంది. మీ ఇంట్లో ఎవరైనా ఇలా తింటుంటే తిట్టకండి, సీబీపీ చేయించండి.

చిన్న కణాలు కనిపించగానే ఐరన్ లోపమే అని తేల్చేయకూడదు, తలసీమియా మైనర్ (హిమోగ్లోబిన్ తయారీలో పుట్టుకతో వచ్చే లోపం, అందులో తేలిక రకం, ఇది ఉన్నవాళ్లనే వాహకులంటారు) ఉన్నా కణాలు చిన్నగానే ఉంటాయి. తేడా పట్టడానికి ఇంట్లోనే చేయగల చిన్న లెక్క ఒకటి ఉంది, 1973లో మెంట్జర్ అనే డాక్టర్ చెప్పింది. ఎంసీవీని ఆర్బీసీ అంకెతో, అంటే మిలియన్లలో రాసే ఎర్ర కణాల సంఖ్యతో భాగించండి. పైన చెప్పిన ఆమెకు ఆర్బీసీ 4 మిలియన్లు, 60ని 4తో భాగిస్తే 15. ఫలితం 13 కంటే ఎక్కువైతే ఐరన్ లోపం వైపు మొగ్గు. ఇంకొకరికి హిమోగ్లోబిన్ 10.8, ఎంసీవీ 62, ఆర్బీసీ 5.8 ఉందనుకోండి, భాగిస్తే 10.7 వస్తుంది, 13 కంటే తక్కువ. హిమోగ్లోబిన్ తక్కువ ఉండి ఎర్ర కణాల సంఖ్య మాత్రం నిండుగా ఉందంటే తలసీమియా వాహకులేమో అని అనుమానించాలి. ఇది అనుమానానికి మాత్రమే, నిర్ధారణ కాదు. హెచ్‌పీఎల్‌సీ అనే రక్త పరీక్ష పద్ధతిలో ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ ఎంతుందో చూస్తే తేలుతుంది, 3.5 శాతం దాటితే చాలావరకు వాహకులని అర్థం. అయితే ఐరన్ బాగా తక్కువగా ఉన్నప్పుడు ఏ2 కూడా కాస్త కిందికి కనిపించొచ్చు, ఈ సంగతి డాక్టర్‌ను అడగండి.

ఇది ఎందుకు ముఖ్యమంటే, వాహకులకు సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు, ఏళ్ల తరబడి అవసరం లేని ఐరన్ మాత్రలు మింగుతూ ఉంటారు. అసలు చిక్కు పెళ్లిలో వస్తుంది. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగో వంతు, ఆ బిడ్డకు నెలనెలా రక్తం ఎక్కించాల్సిందే. మేనరికాలు ఉన్న మన ఇళ్లలో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. పెళ్లి సంబంధం కుదిరినప్పుడు జాతకాలతో పాటు ఈ ఒక్క పరీక్షా ఇద్దరికీ చేయించమని నేను కనబడ్డవాళ్లందరికీ చెబుతుంటాను. ఏజెన్సీ గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) కూడా ఇలాగే వాహకుల ద్వారా వస్తుంది. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపువాళ్లకు ఆ పరీక్షలు చేస్తున్నారు, పిలిస్తే తప్పించుకోకండి.

ఐరన్ లోపం అని డాక్టర్ కూడా అన్నాక మాత్ర ఎలా వేసుకుంటున్నారో చూసుకోండి, ఎందుకంటే చాలామందికి మాత్ర పనిచేయకపోవడానికి కారణం ఇక్కడే ఉంటుంది. టీ, కాఫీకి కనీసం గంట దూరం పెట్టండి. పాలు, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోవద్దు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడి ఆపేయకండి. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా ఒంట్లో నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలు వాడమంటారు, నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష ఫెర్రిటిన్. బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉన్నాయని అవి తింటే రక్తం పడుతుందని చాలామంది నమ్మకం, ఆ ఎరుపు ఐరన్ వల్ల వచ్చింది కాదు. ఆకుకూరలు, పప్పులు, రాగులు, గుడ్లు, మాంసం తినాలి, మంచిదే, కానీ 7కు పడిపోయినదాన్ని కేవలం తిండితో 12కు తేవాలనుకుంటే చాలా ఆలస్యం అవుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మగవాళ్లకు గానీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు గానీ ఐరన్ లోపం వచ్చిందంటే రక్తం ఎక్కడో పోతోందేమో చూడాలి. అల్సర్, మొలలు, పేగులో గడ్డ, ఏదైనా కావచ్చు. మాత్ర ఇచ్చి పంపేస్తుంటే, “డాక్టర్ గారూ, రక్తం ఎందుకు తగ్గిందో చూడాలా?” అని మీరే అడగండి.

ఎంసీవీ 100 దాటితే కథ వేరు, బీ12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ తగ్గి ఉండొచ్చు, మద్యం, కాలేయం, థైరాయిడ్ కూడా కారణాలే. మాంసం గుడ్లు ముట్టనివాళ్లు, షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు బీ12 చూపించుకోవాలి. బీ12 తక్కువ ఉన్నవాళ్లు ఒక్క ఫోలిక్ యాసిడే మింగితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి, అందుకే సొంతవైద్యం వద్దనేది. ఫోలిక్ యాసిడ్ అనగానే నాకు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. ఆయన సోదరులు స్ప్రూ అనే జబ్బుతో పోయారు, పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక మనిషి పాలిపోయి చిక్కిపోయే జబ్బు. 1940ల్లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, స్ప్రూకు ఇచ్చే మందుల్లో అదీ ఒకటయింది. ప్రభుత్వ ఆస్పత్రిలో గర్భిణికి ఇచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉండే ఫోలిక్ యాసిడ్ అదే.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక చిన్న జాగ్రత్త. మూడు నెలల షుగర్ పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ, ఎర్ర కణాన్ని ఆధారం చేసుకుని లెక్కకట్టేది, ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. రక్తహీనత ఉంటే ఆ అంకె అటో ఇటో తప్పొచ్చు. రెండు రిపోర్టులూ కలిపి చూపించండి.

తెల్ల కణాలు: శాతం చూసి మోసపోవద్దు

మొత్తం 4,000 నుంచి 11,000. దాని కింద న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్, మోనోసైట్స్, ఈసినోఫిల్స్, బేసోఫిల్స్ శాతాలు, అన్నీ కలిపితే నూరు. ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గినట్టు కనిపించక తప్పదు, అందుకే శాతాన్ని మొత్తంతో హెచ్చవేసి అసలు సంఖ్య తీయాలి. ఈసినోఫిల్స్ 8 శాతం అనుకోండి. మొత్తం 5,000 ఉంటే 400, అది నార్మలే. మొత్తం 12,000 ఉంటే 960, పెరిగినట్టే, హద్దు సుమారు 500. అలర్జీ, ఆస్తమా, కడుపులో నులిపురుగులు, కొన్ని చోట్ల ఫైలేరియా (బోదకాలు), వీటికి పెరుగుతుంది. న్యూట్రోఫిల్స్ సంఖ్య 1,000 లోపు ఉండి జ్వరం కూడా ఉంటే, ముఖ్యంగా కీమో మందులు తీసుకునేవాళ్లకు, రాత్రైనా సరే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

ఈఎస్ఆర్ గురించి రెండు మాటలే. ఒంట్లో ఎక్కడో వాపో ఇన్ఫెక్షనో ఉందని చెబుతుంది, ఎక్కడో చెప్పదు. వయసుతో పెరుగుతుంది, ఆడవాళ్లకు, గర్భిణులకు, రక్తహీనత ఉన్నవాళ్లకు ఎక్కువే ఉంటుంది. అది ఒక్కటే పట్టుకుని ఏ జబ్బూ తేల్చలేం.

ప్లేట్‌లెట్లు: వానాకాలం భయం

1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా నార్మల్. తక్కువ అని రాగానే చేయాల్సిన మొదటి పని, జ్వరం గానీ, ఒంటి మీద ఎర్ర చుక్కలు గానీ, చిగుళ్ల నుంచి రక్తం గానీ ఉన్నాయా చూసుకోవడం. ఏవీ లేకుండా అంకె మాత్రం బాగా పడిపోయి ఉంటే అది నిజమైన తగ్గుదల కాకపోవచ్చు. టాన్సిల్స్ ఆపరేషన్‌కు ముందు పరీక్ష చేయించిన ఒక ఆరేళ్ల బాబుకు 38,000 అని వచ్చింది, ఆపరేషన్ ఆగిపోయింది, వాళ్లమ్మ ఏడుస్తూ మా దగ్గరికి వచ్చింది. బాబేమో కుర్చీలెక్కి దూకుతున్నాడు. స్లైడ్ చూస్తే పలక అంచున ప్లేట్‌లెట్లు ద్రాక్ష గుత్తుల్లా అతుక్కుని ఉన్నాయి. సీబీపీకి వాడే ఊదా మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే మందు ఉంటుంది, కొద్దిమంది రక్తంలో ఆ మందుకే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, మెషీన్ గుత్తిని లెక్కపెట్టలేక వదిలేస్తుంది. నీలం మూత గొట్టంలో మళ్లీ తీసి, అందులో ముందే ఉన్న ద్రవం వల్ల పలచబడినదానికి సరిచేస్తూ 1.1తో హెచ్చవేస్తే 2.3 లక్షలు. పలక మీది పూతను స్మియర్ అని, ఆ గుత్తులను క్లంప్స్ అని అంటారు, కాబట్టి అడగాల్సిన మాట ఇది: “స్మియర్‌లో ప్లేట్‌లెట్లు చూశారా? క్లంప్స్ ఉన్నాయా?”

డెంగ్యూ వచ్చి నిజంగానే తగ్గుతుంటే ప్లేట్‌లెట్లతో పాటు పీసీవీ అంకె కూడా రోజూ రాసుకోండి. పీసీవీ అంటే రక్తంలో ఎర్ర కణాల వాటా, మామూలుగా హిమోగ్లోబిన్‌కు మూడు రెట్లు, హిమోగ్లోబిన్ 13 అయితే పీసీవీ 39 దగ్గర. డెంగ్యూలో ప్రాణం మీదికి తెచ్చేది రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడం, అప్పుడు రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. మొదట్లో ఉన్నదాని మీద ఐదో వంతు పెరిగిందంటే ప్రమాద సూచన. ఇంకా ముఖ్యమైనది, జ్వరం తగ్గిన ఆ ఒకటి రెండు రోజులే గట్టిగా కనిపెట్టి చూడాల్సినవి, హమ్మయ్య అనుకునే సమయం కాదు. ఆగని వాంతులు, కడుపునొప్పి, మగత, ఒంటేలు తగ్గడం, ఎక్కడైనా రక్తం కనిపించడం, ఇందులో ఏ ఒక్కటి ఉన్నా అంకె ఎంతున్నా ఆస్పత్రికి పరుగెత్తండి.

జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇంకేదీ వేయకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి, గుండె కోసం ముందునుంచీ ఆస్పిరిన్ వాడేవాళ్లు డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోవాలి. బొప్పాయి ఆకు రసం, కివీ పండ్ల కోసం ఊరంతా తిరిగే ఆ రెండు గంటల్లో రోగికి ఓఆర్ఎస్, కొబ్బరినీళ్లు, మజ్జిగ తాగించడం మేలని నా అభిప్రాయం. వాంతులవుతున్న మనిషికి చేదు పసరు పోస్తే ఉన్న నీళ్లూ కక్కేస్తాడు. 62,000 నుంచి 55,000కు పడిందని రెండో ల్యాబ్‌కు, మూడో ల్యాబ్‌కు పరుగెత్తొద్దు, ఆ మాత్రం తేడా మెషీన్‌కు మెషీన్‌కే ఉంటుంది. రక్తస్రావం లేనప్పుడు సాధారణంగా 10,000 కంటే కిందికి పోతేనే ప్లేట్‌లెట్లు ఎక్కించే ఆలోచన చేస్తారు, కాబట్టి 40,000 దగ్గర దాతల కోసం స్టేటస్‌లు పెట్టే ముందు డాక్టర్ అడిగారా లేదా కనుక్కోండి.

చివరి వాక్యం చదవండి

రిపోర్టు అడుగున ఉండే స్మియర్ వ్యాఖ్య మనిషి కళ్లతో చూసి రాసేది. ‘నార్మోసైటిక్ నార్మోక్రోమిక్’ అని చదివి ఇదేం జబ్బు, మందేంటి అని ఫోన్ చేసేవాళ్లు నెలకు ఇద్దరైనా ఉంటారు. కణం సైజు మామూలు, రంగు మామూలు అని దానర్థం, సంతోషించాల్సిన మాట. అనైసో అంటే సమానం కానిది, మళ్లీ మన ‘అన్’ వచ్చింది చూడండి, అనైసోసైటోసిస్ అంటే కణాలు చిన్నా పెద్దా కలిసి ఉన్నాయని. పాయికిలో అంటే రకరకాల ఆకారాలు. ‘హీమోపారాసైట్స్ నాట్ సీన్’ అంటే మలేరియా లాంటి పరాన్నజీవులు కనబడలేదని. ‘షిఫ్ట్ టు లెఫ్ట్’ అంటే పోరాటానికి లేత న్యూట్రోఫిల్స్ కూడా బయటికి వచ్చేశాయని, గట్టి ఇన్ఫెక్షన్‌లో ఉంటుంది. ‘బ్లాస్ట్స్’ (ఇంకా ఎదగని పసి కణాలు) అన్న మాట ఉంటే మాత్రం వాయిదా వేయకండి, అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేసి రక్త వ్యాధుల నిపుణుల దగ్గరికి పంపమని అడగండి.

ఇప్పుడు మొదట్లో మనం చూసిన వాక్యం మీరే విడదీయండి. మైక్రో, సైటిక్, కణాలు చిన్నవి. హైపో, క్రోమిక్, రంగు వెలిసింది. అన్, ఈమియా, రక్తం తక్కువ. థ్రాంబో, సైటోసిస్, ప్లేట్‌లెట్లు ఎక్కువ. ఐరన్ తగ్గినవాళ్లలో ప్లేట్‌లెట్లు కాస్త పెరగడం తరచూ జరిగేదే. వాక్యం మొత్తం కలిపి ఐరన్ లోపం వైపు చూపిస్తోంది, రేపు డాక్టర్ గారిని ఫెర్రిటిన్ పరీక్ష గురించి అడగాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు

పాత రిపోర్టులు తీయండి. ఒక తెల్ల కాగితం మీద తేదీ, హిమోగ్లోబిన్, ఎంసీవీ, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు, ఐదు నిలువు గడులు గీసి పాతవి పైనుంచి కిందికి రాయండి. ఆరేళ్లుగా 10.6 దగ్గరే ఉన్న మనిషి, ఆరు నెలల్లో 13.5 నుంచి 10.6కు దిగిన మనిషి ఒకటి కాదు, ఇవాళ్టి రిపోర్టు ఒక్కటే చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం, నాటువైద్యంతో సహా దాని వెనక రాయండి. నెలసరి ఎన్ని రోజులు, ఎంత ఎక్కువ అవుతోంది అనేది ఆడవాళ్లు సిగ్గుపడకుండా రాయాలి, రక్తహీనతకు కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ ఉన్నా, కొంచెం నడిస్తే ఆయాసం, గుండెదడ, ఛాతీలో నొప్పి ఉన్నా, విరేచనం తారులా నల్లగా జిగటగా అవుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. మిగతావాళ్లు మళ్లీ పరీక్ష ఎప్పుడు చేయించాలో అడిగి, ఆ తేదీ అదే కాగితం మీద రాసుకుని, వీలైతే అదే ల్యాబ్‌కు వెళ్లండి. ఆ కాగితం ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టండి.